కంపెనీ ఇచ్చే కోడ్‌కూ లింకు డాక్యుమెంట్లు చూడాలి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీరు నలుగురు మిత్రులు కలిసి రొయ్యల చెరువుల లెక్కల కోసం ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) యాప్ నడుపుతున్నారు. వేసిన మేత, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మిగిలింది, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), ఉప్పదనం అన్నీ రైతు అందులో రాసుకుంటాడు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు చాలామంది వాడుతున్నారు. ఇప్పుడు సెన్సర్లు అమ్మే కంపెనీ ఒకటి, చెరువు గట్టు మీద తాము బిగించే, సెన్సర్ల రీడింగులను పోగుచేసి పంపే గేట్‌వే పెట్టెలో నడిచే కోడ్ మొత్తం, ముప్పై వేల లైన్లు, మీకు విరాళంగా ఇస్తానంటోంది. వచ్చే నెల నెల్లూరులో సభ పెట్టి ప్రకటిద్దామని కూడా అంటోంది. మీరు అడిగింది ఒక్కటే: కాదనడానికి కారణం కనబడటం లేదు, లైసెన్సు ఏది పెట్టమనాలి?

లైసెన్సు సంగతికి వస్తాను, కానీ అది మొదటి ప్రశ్న కాదు. ఆ కోడ్ రాసినవాళ్ళలో ఎవరెవరు దానితో పాటు మీ దగ్గరికి వస్తున్నారు, ఎంతకాలం ఉంటారు, అన్నది ముందు తేల్చుకోవాలి. ఇలాంటి విరాళాలను నేను మూడుసార్లు దగ్గరుండి తీసుకున్నాను, రెండుసార్లు వద్దన్నాను. తీసుకున్న మూడింటిలో ఇప్పటికీ బతికి ఉన్నది ఒకటి. వద్దన్న రెండింటి గురించి ఇంతవరకూ ఎవరూ బాధపడలేదు.

పోయినవాటిలో ఒకదాని కథ చెప్తాను. నేను ఒంగోలు తిరిగి రాకముందు, ఫ్యాక్టరీల్లో మీటర్ల నుంచి రీడింగులు చదివే ఒక కోడ్ లైబ్రరీని చూసుకునే మెయింటెయినర్లలో ఒకడిని. ఒక కంపెనీ తమ డ్రైవర్ల (పరికరాలను కంప్యూటరుతో మాట్లాడించే ప్రోగ్రాముల) కోడ్ నలభై వేల లైన్లు ఇచ్చింది. ఒక శుక్రవారం సాయంత్రం మొత్తం ఒకే కమిట్‌గా, అంటే ఒకే మార్పుగా నమోదై, వచ్చి పడింది. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాం. శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. మూడు నెలలు వాళ్ళ ఇంజినీర్లిద్దరు అడిగినదానికల్లా జవాబు చెప్పారు, మంచివాళ్ళు. నాలుగో నెలలో ఒకాయనను వేరే విభాగానికి మార్చారు. ఇంకొకాయన ఉద్యోగమే మానేశాడు. ఆ తర్వాత మేం రాసిన ప్రతి మెయిలుకూ వచ్చిన జవాబు, ఈ ఉత్పత్తికి మద్దతు ముగిసింది అనే ఒకే వాక్యం. వాడేవాళ్ళకు ఇవేమీ పట్టవు. మీటరు తప్పు చదివితే మా తలుపు కొడతారు. ఆ మీటర్లు మా దగ్గర లేవు, వాటి ప్రోటోకాల్ వివరాలూ లేవు. రెండేళ్ళు రాత్రిళ్ళు కూర్చుని ఊహ మీద సరిదిద్దాం. చివరికి కోడ్ మొత్తం తీసేశాం. తీసేసిన రోజు తిట్లు తిన్నదీ మేమే.

మా అనుభవలేమి వల్లనే ఇలా జరిగిందని చాలాకాలం అనుకున్నాను. తర్వాత లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, కెర్నెల్, దాని చరిత్ర చూస్తే ఊరట కలిగింది. 2020 ఆగస్టులో పారగాన్ సంస్థ విండోస్ డిస్కులను చదివి రాయగల తమ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవరును కెర్నెల్‌కు ఇచ్చింది. అంతవరకూ అమ్ముకున్న సరుకు, సుమారు ఇరవై ఏడు వేల లైన్లు. మొదట ఒకే ప్యాచ్‌గా (మార్పుల మూటగా) పంపారు. ఇంత పెద్దది ఎవరు చదువుతారు, ముక్కలు చేయండి అన్నారు సమీక్షకులు. సరిచేసి, మళ్ళీ పంపి, మళ్ళీ సరిచేసి, ఏడాది దాటాక 2021లో 5.15 వెర్షన్‌లో చేరింది. అందరూ సంతోషించారు. 2022 వసంతానికల్లా దాన్ని చూసుకునేవాళ్ళ నుంచి ఉలుకూ పలుకూ లేదని, ఇది అనాథగా మిగిలిందా అని కెర్నెల్ వాళ్ళే బహిరంగంగా అడగవలసి వచ్చింది. తర్వాత కంపెనీ మళ్ళీ పలికింది కనుక సరిపోయింది.

దానికి పదేళ్ళ ముందు కథ ఇంకా విచిత్రం. 2009 జూలైలో మైక్రోసాఫ్ట్ తన హైపర్-వీ (ఒక కంప్యూటరులో ఇంకో కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేర్) డ్రైవర్లు, ఇరవై వేల లైన్లు, జీపీఎల్ (మార్చి పంచినా కోడ్‌ను తెరిచే ఉంచాలనే లైసెన్సు) కింద లినక్స్‌కు ఇచ్చినప్పుడు ప్రపంచమంతా వార్త. ఆ ఔదార్యం వెనుక లైసెన్సు ఉల్లంఘన ప్రశ్న ఒకటి ఉందని కూడా అప్పుడే బయటపడింది. ఊరక రారు మహాత్ములు. కెర్నెల్ వాళ్ళు ఆ కోడ్‌ను నేరుగా నట్టింట్లోకి తీసుకోలేదు, స్టేజింగ్ అనే వసారాలో కూర్చోబెట్టారు. రెండు నెలలు తిరిగేసరికి ఆ కంపెనీ ఇంజినీర్లు కనబడటం మానేశారు. మెయిళ్ళకు జవాబు లేదు, రాకపోతే తీసేస్తాం అని వసారా చూసుకునే పెద్దమనిషి బహిరంగంగా రాశాడు. అప్పుడు వచ్చారు. వచ్చాక నిజంగానే పని చేశారు. 2011లో 3.0 వెర్షన్‌కు మార్పుల సంఖ్యలో మొదటి స్థానం ఆ కంపెనీ ఇంజినీరుదే. రెండేళ్ళకు పైగా శుభ్రం చేశాక ఆ డ్రైవర్లు ఒక్కొక్కటిగా వసారా నుంచి లోపలికి వెళ్ళాయి.

ఆ హెచ్చరిక రాయగలిగే స్థితిలో మీరు ఉండాలి. ఉండాలంటే కోడ్ తీసుకునేటప్పుడే ఆ షరతు పెట్టుకోవాలి. అందుకని కంపెనీని ముందుగా అడగండి: మొదటి ఏడాది వారానికి కనీసం ఇన్ని గంటలు ఈ కోడ్ మీద కూర్చునే ఇద్దరి పేర్లు ఇవ్వండి, వాళ్ళ పై అధికారి ఆ మాట రాసి ఇవ్వాలి. ఇద్దరు ఎందుకంటే ఒకరు పెళ్ళికో, ప్రసవానికో, బెంగళూరుకో వెళ్తారు. ఇంకొకటి, ఆ గేట్‌వే పెట్టెలు కనీసం మూడు, సెన్సర్లతో సహా మీ చేతికి రావాలి. పెట్టె లేకుండా పెట్టె కోడ్ తీసుకోవడం అంటే నేను పైన చెప్పిన రెండేళ్ళ రాత్రుళ్ళు మీరు కూడా కొనుక్కోవడం. ఈ రెండింటికీ కంపెనీ తటపటాయిస్తే వాళ్ళు ఇస్తున్నది విరాళం కాదని, వదిలించుకుంటున్నారని అర్థం. అప్పుడు కూడా తీసుకోవచ్చు, కానీ ఏం తీసుకుంటున్నారో తెలిసి తీసుకోండి.

ఇక కాగితాలు. మన దగ్గర ఎవరైనా బడికి అరెకరం పొలం రాసిస్తానంటే ఊరంతా చప్పట్లు కొడతారు, కరణం పని తెలిసిన ముసలాయన ఒకడు మాత్రం మెల్లగా ఈసీ తీశారా, లింకు డాక్యుమెంట్లు (పొలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత పత్రాలు) ఉన్నాయా అని అడుగుతాడు. మీ నలుగురిలో ఒకరు ఆ ముసలాయన కావాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం సాఫ్ట్‌వేర్‌లో రోజూ జరిగే పని. దురుద్దేశం ఏమీ ఉండదు, ఆ అల్లుడికే తెలియదు అది అత్త సొమ్మని.

ఎలాగంటే, మన కాపీరైటు చట్టం 1957లో 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసినదానికి వేరే ఒప్పందం లేకపోతే తొలి యజమాని ఆ సంస్థే. అంతవరకూ బాగానే ఉంది. కానీ చిన్న కంపెనీల్లో సగం పని బయటి కుర్రాళ్ళు చేస్తారు. ఒక ఫ్రీలాన్సరు మోడెం డ్రైవరు రాసిచ్చి ఉంటాడు, చివరి సంవత్సరం విద్యార్థి ఒకడు ఇంటర్న్‌షిప్‌లో స్క్రీన్లు చేసి ఉంటాడు. డబ్బిచ్చి రాయించుకున్నంత మాత్రాన ఆ కోడ్ కంపెనీది అయిపోదు. రాతపూర్వకంగా హక్కు బదలాయించకపోతే అది రాసినవాడిదే. కాబట్టి కమిట్ చరిత్ర చూపించమని అడిగి, అందులో కనబడే ప్రతి పేరూ ఉద్యోగిదా, బయటివాడిదా అని తేల్చమనండి. బయటివాడైతే అతని సంతకం ఉన్న కాగితం ఎక్కడ? ఈ ప్రశ్న అడిగినప్పుడు కంపెనీ మేనేజరు ముఖం చూడండి, చాలా తెలుస్తుంది.

ఆ తర్వాత ఇతరుల సరుకు. చిప్పు తయారుచేసిన కంపెనీ, దానికి ప్రోగ్రాములు రాసుకోవడానికి ఇచ్చే ఎస్‌డీకే ఫైళ్ళు దాదాపు ప్రతి గేట్‌వే కోడ్‌లోనూ ఉంటాయి, వాటి తలమీద రహస్యం, ఇతరులకు ఇవ్వరాదు అని రాసి ఉంటుంది. నలభై వేల లైన్ల కథలో అలాంటి ఫైళ్ళు పదకొండు దొరికాయి, అదీ ప్రకటన అయిన ఐదు వారాలకు. నెట్‌స్కేప్ 1998 మార్చిలో తన బ్రౌజరు కోడ్ బయటపెట్టే ముందు ఇతర కంపెనీల నుంచి తీసుకున్న భాగాలన్నిటికీ అనుమతి అడగవలసి వచ్చింది, ఒప్పుకోనివాటిని కోసి పారేయవలసి వచ్చింది. అమెరికా ఎగుమతి నిబంధనల వల్ల ఎన్‌క్రిప్షన్ భాగం కూడా పోయింది. మిగిలినదాని మీద కూడా కొన్నాళ్ళు పనిచేసి, లాభం లేదని పేజీలు చూపించే ఇంజనునే కొత్తగా రాసుకున్నారు. మొజిల్లా 1.0 వచ్చేసరికి 2002 జూన్ అయింది. అంత డబ్బూ మనుషులూ ఉన్నవాళ్ళకే నాలుగేళ్ళు పట్టింది, వచ్చే నెల సభకు తయారుగా ఉంటుందని మీకు చెప్పినాయన ఎవరో కానీ ఆశావాది.

లైసెన్సులను వెతికే స్కానర్లు ఉచితంగా దొరుకుతాయి, స్కాన్‌కోడ్, ఫోసాలజీ లాంటివి. కంపెనీని ఒకసారి నడపమనండి, మీరు ఇంకోసారి నడపండి. అవి పట్టుకోలేనిది ఎక్కడినుంచో అతికించిన ఇరవై లైన్ల ఫంక్షన్. వ్యాఖ్యల శైలి హఠాత్తుగా మారిన చోట, వేరియబుల్ పేర్లు మరో భాష నుంచి వచ్చిన చోట కన్ను ఆగాలి. ఆ పని మనిషే చేయాలి.

ఇప్పుడు మీరు అడిగిన లైసెన్సు. మీ ప్రాజెక్టు జీపీఎల్ 3లో ఉందన్నారు. కంపెనీ కోడ్‌ను అపాచీ 2.0 అనే లైసెన్సు కింద ఇమ్మని అడగండి. అది జీపీఎల్ 3తో కలుస్తుంది, జీపీఎల్ 2 మాత్రమే అని ఉన్నదానితో కలవదు. నేను అపాచీ వైపు మొగ్గడానికి కారణాలు రెండు. మొదటిది పేటెంట్లు. అపాచీ 2.0లో పేటెంటు అనుమతి స్పష్టంగా రాసి ఉంటుంది, ఎవరైనా ఆ కోడ్ మీద పేటెంటు దావా వేస్తే వాళ్ళకు వచ్చిన అనుమతి పోతుంది. చాలామంది వాడే ఎమ్మైటీ అనే ఇంకో లైసెన్సులో పేటెంటు అనే మాటే లేదు. మన పేటెంటు చట్టంలో 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాముకు ప్రోగ్రాముగా పేటెంటు రాదు కదా అంటారు. నిజమే, కానీ సెన్సరు, నీటికి గాలి పట్టించే ఏరేటరు, వాటిని కలిపి నడిపే పద్ధతి అంటూ పరికరంగా దరఖాస్తు చేసినవి ఉంటాయి. డీవో పడిపోగానే ఏరేటరు తనంతట తాను తిరిగే పద్ధతి మీద ఈ కంపెనీ ఏదైనా దాఖలు చేసిందేమో సూటిగా అడగండి.

రెండో కారణం చాలామంది గమనించనిది. మన కాపీరైటు చట్టం 19వ సెక్షన్‌లో, హక్కుల బదలాయింపు కాగితంలో గడువు రాయకపోతే అది ఐదేళ్ళే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. పుచ్చుకున్నవాడు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే, కాగితంలో వేరేగా రాసుకోకపోతే, అది రద్దు. ఈ నియమాలు తగిన మార్పులతో లైసెన్సులకూ వర్తిస్తాయి. ఎమ్మైటీ లైసెన్సు అర పేజీ, అందులో గడువూ లేదు, దేశమూ లేదు. అపాచీ 2.0లో శాశ్వతంగా, ప్రపంచమంతటా, వెనక్కి తీసుకోరాని విధంగా అనే మాటలు ఉన్నాయి. కోర్టుదాకా వెళ్తే ఏమవుతుందన్నది వకీళ్ళ పని, కానీ మాట రాసి ఉన్న కాగితం చేతిలో ఉండటం మేలు. విడిగా దానపత్రం రాయించుకున్నా సరే, ఈ మూడు మాటలూ అందులో పెట్టించండి.

దానపత్రం ఎవరి పేరున అని మీకు సందేహం రావచ్చు, మీ ప్రాజెక్టుకు చట్టపరమైన శరీరమేదీ లేదు కనుక. దీనికోసం హడావిడిగా సొసైటీ రిజిస్టర్ చేయకండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద ఏడుగురు కావాలి, మీరు నలుగురు. పేర్ల కోసం బావమరుదులను తెచ్చి కూర్చోబెట్టిన సొసైటీలు ఎలా ముగిశాయో నాకు తెలుసు. హక్కులు కంపెనీ దగ్గరే ఉంచి, లోకమంతటికీ అపాచీ లైసెన్సు ఇచ్చినా మీ పని జరుగుతుంది. దాన్ని తీసుకోవడానికి సంస్థ అక్కర్లేదు. ఆ లైసెన్సును రాసిన అపాచీ ఫౌండేషన్ పద్ధతి వేరు. అక్కడ బయటినుంచి వచ్చే కోడ్ మూటకు సాఫ్ట్‌వేర్ గ్రాంట్ అనే పత్రం, ఇకముందు కంపెనీ ఉద్యోగులు రాయబోయేదానికి కంపెనీ ఒప్పందం, ప్రతి మనిషికీ విడిగా వ్యక్తిగత ఒప్పందం ఉంటాయి. 2002 నుంచి ఇంక్యుబేటర్ అనే ప్రత్యేక విభాగమే ఈ పని చూస్తోంది. మీకు అంత యంత్రాంగం అవసరం లేదు, కానీ వాటిని విడదీసి చూసే తెలివి అవసరం. ఇప్పటికే రాసినది ఒకటి, రేపు రాయబోయేది ఇంకొకటి. రేపటిదానికి లినక్స్ వాళ్ళు 2004లో తెచ్చిన డీసీవో అనే హామీ పద్ధతి చాలు. ఎస్‌సీవో అనే కంపెనీ 2003లో ఐబీఎం మీద దావా వేసి, లినక్స్‌లో మా కోడ్ ఉందని గోల చేశాక పుట్టిన పద్ధతి అది. ఇది నాదే, లేదా ఇచ్చే హక్కు నాకుంది అని ప్రతి కమిట్ కింద ఒక వరుస రాసి తన పేరు పెట్టడం. ఇప్పటికే రాసినదానికి మాత్రం డైరెక్టరో, సంతకం చేసే అధికారమున్న మరొకరో లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వాలి. సేల్స్ మేనేజరు మెయిలు చెల్లదు. ఆయన ఎంత మంచివాడైనా సరే.

కంపెనీ తిరిగి మిమ్మల్ని ఒక కాగితం అడిగితే జాగ్రత్తగా చదవండి. ఇకముందు ఈ భాగంలో ఎవరు ఏ మార్పు చేసినా దాని హక్కులు కంపెనీకి బదలాయించాలి అనే షరతు కొందరు పెడతారు. అంటే మీ కష్టాన్ని వాళ్ళు రేపు మూసిన పెట్టెలో పెట్టి అమ్ముకోవచ్చు, మీరు మాత్రం జీపీఎల్‌కు కట్టుబడి ఉండాలి. నేను వద్దన్న రెండు విరాళాల్లో ఒకటి ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది.

పేరు గురించి చిన్న మాట. హడ్సన్ అనే బిల్డ్ సాఫ్ట్‌వేర్ పేరు మీద హక్కు తమదని ఒరాకిల్ అన్నప్పుడు, దాన్ని నడిపేవాళ్ళు 2011 మొదట్లో ఓటు వేసుకుని జెంకిన్స్ అని పేరు మార్చుకుని బయటికి వచ్చేశారు. పేరు అక్కడే ఉండిపోయింది, మనుషులు ఇక్కడికి వచ్చారు. ఇవాళ బతికి ఉన్నది జెంకిన్సే. ఓపెన్ ఆఫీసుదీ అదే తీరు. 2010 సెప్టెంబరులో చాలామంది లిబ్రే ఆఫీసుకు వెళ్ళిపోయాక, 2011లో ఒరాకిల్ మిగిలిన కోడ్‌నూ పేరునూ అపాచీకి ఇచ్చింది. మనుషులు వెళ్ళిపోయాక ఇచ్చిన కోడ్ అది. మీ విషయంలో, కంపెనీ ఉత్పత్తి పేరును మీ ఫోల్డరుకు పెట్టకండి. గేట్‌వే అని మామూలు పేరు పెట్టుకోండి, రేపు వాళ్ళు ఆ పెట్టె పేరు మార్చినా, వేరే పెట్టె తెచ్చినా మీకు చిక్కు ఉండదు.

కాగితాలు సరిపోయాయనుకుందాం, మనుషులూ వచ్చారు. ముప్పై వేల లైన్లను ఒక్క గుక్కలో మింగకండి. విడి రిపాజిటరీలో (కోడ్ దాచే గూటిలో) పెట్టి, ఇది ఇంకా పరీక్షలో ఉంది, చెరువు మీద వాడకండి అని పైన రాయండి. అదే మీ వసారా. అక్కడినుంచి ముక్క ముక్కగా లోపలికి తెండి. ముందు సెన్సరు రీడింగు చదివే భాగం ఒక్కటే. ఎందుకంటే మీ సాఫ్ట్‌వేర్ తప్పుకు రైతు చెల్లించే ధర మామూలుది కాదు. తెల్లవారుజామున డీవో అట్టడుగుకు పడిపోతుంది, ఆ వేళ సెన్సరు తీగ ఊడిపోయి, కోడ్ మాత్రం పాత రీడింగునే మళ్ళీ మళ్ళీ చూపిస్తూ ఉంటే రైతు నిద్రపోతాడు. లేచి చూసేసరికి రొయ్యలు పైకి తేలి ఉంటాయి. పాత రీడింగును కొత్తదిలా చూపించే తప్పు నేను చూసిన సెన్సరు కోడ్‌లలో సగానికి సగం ఉంది. ప్రతి రీడింగుకూ సమయం ముద్ర ఉందా, అది ఎన్ని నిమిషాలకు పాతబడుతుంది, పాతబడితే తెర మీద ఏం కనబడుతుంది, ఇవి తేలేదాకా రెండో ముక్క ముట్టుకోకండి. తీగ పీకి చూడండి, బురదలో ముంచి చూడండి, కరెంటు తీసి పెట్టి చూడండి.

కంపెనీ కోడ్‌లో వాళ్ళ ఇతర ఉత్పత్తులన్నిటికీ పనికొచ్చే ఒక మధ్య పొర దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మీకు అనవసరం, వాళ్ళకు ప్రాణం. చిప్పులు చేసే ఏఎండీ తన డిస్‌ప్లే కోడ్‌ను లినక్స్‌కు ఇవ్వబోయినప్పుడు ఇదే తగాదా. లక్ష లైన్లకు దగ్గరగా ఉన్న ఆ కోడ్ అన్ని ఆపరేటింగ్ సిస్టంలకూ ఒకటే ఉండేలా రాసుకున్నది. 2016 డిసెంబరులో గ్రాఫిక్స్ మెయింటెయినర్ ససేమిరా అన్నాడు. ఈ పొర ఉన్నంతకాలం దీన్ని మీరు తప్ప ఎవరూ చూసుకోలేరు, ఇది మా ఇల్లు, మా తీరులో ఉండాలన్నది ఆయన వాదన. కంపెనీ కొట్టుకుని తిట్టుకుని, మళ్ళీ రాసి తెచ్చింది. 4.15 వెర్షన్‌లో చేరింది. మన గుడ్లూరు ఎర్రన నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూరించినప్పుడు, నన్నయ తీరులో మొదలుపెట్టి మెల్లగా తిక్కన తీరు వైపు నడిపించాడని పండితులు చెప్తారు. అతుకు కనబడనీయలేదు. రాజరాజ నరేంద్రుడి పేరనే ఉంచాడు కూడా. వచ్చినవాడు ఇంటి తీరును పట్టుకోవాలి. మీ పరీక్షలు ఎలా రాస్తారో, ఫైళ్ళకు పేర్లు ఎలా పెడతారో, తప్పులు ఎలా నమోదు చేస్తారో ఒక పేజీ రాసి కంపెనీకి ముందే ఇవ్వండి. ఆ పేజీ మీ దగ్గర లేకపోతే తప్పు వాళ్ళది కాదు.

కమిట్ చరిత్ర మొత్తంగా వస్తే మంచిది, ఏ లైను ఎందుకు రాశారో అదే చెప్తుంది. కానీ ఆ చరిత్రలో సర్వరు పాస్‌వర్డులు, కీలు, ఒక్కోసారి రైతుల ఫోను నంబర్లు కూడా దాగి ఉంటాయి. ఇప్పటి ఫైలులో తీసేసినా పాత కమిట్‌లో ఉంటుంది. శుభ్రం చేయడం కంపెనీ బాధ్యత, చేశారో లేదో చూడటం మీది. ఏ కీ అయినా కనబడితే దాన్ని రద్దు చేసి కొత్తది పెట్టుకొమ్మని చెప్పండి, తుడిపేస్తే చాలదు.

కృతజ్ఞత కొద్దీ వాళ్ళ ఇంజినీర్లకు మొదటి రోజే కమిట్ హక్కులు ఇవ్వకండి. అందరిలాగే ప్యాచ్‌లు పంపి, సమీక్షకు నిలబడి, నమ్మకం సంపాదించుకున్నాక మనిషికి ఇవ్వండి, కంపెనీకి కాదు. ఆ మనిషి ఉద్యోగం మారినా హక్కు అతనితోనే ఉంటుంది. నేను చెప్పిన బతికి ఉన్న ఆ ఒక్క విరాళం ఇలాగే బతికింది. ఇచ్చిన కంపెనీ ఆ విభాగం మూసేసింది, కోడ్ రాసినావిడ మాత్రం ఇప్పుడు ఇంకో ఊళ్ళో ఇంకో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు దాన్ని చూసుకుంటుంది.

సభ గురించి. వాయిదా వేయించండి. ప్రకటన అయ్యాక వద్దనడం దాదాపు అసాధ్యం, నాకు శాలువా కప్పాక అర్థమైన విషయం ఇది. మొదటి ముక్క మీ ప్రాజెక్టులో చేరి, పది చెరువుల మీద ఒక పంట నడిచాక సభ పెట్టుకుందామని చెప్పండి. అప్పుడు వేదిక మీద మాట్లాడటానికి రైతు కూడా ఉంటాడు. కోటి రూపాయల విలువైన విరాళం అని బ్యానరు మీద వేస్తామంటే నవ్వి ఊరుకోండి. దాన్ని సీఎస్సార్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) లెక్కలో చూపిద్దామన్నది వాళ్ళ ఆలోచనైతే, వస్తు రూపంలో ఇచ్చినదానికి ధర కట్టి సీఎస్సార్ ఖర్చుగా చూపడం కుదరదని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021లోనే స్పష్టం చేసింది. వాళ్ళ ఆడిటరు చెప్తాడు. అదే కంపెనీ ఇద్దరు ఇంజినీర్ల ఏడాది సమయం ఇస్తే దానికి బ్యానరు మీరే కట్టించండి.

వద్దనవలసి వస్తే ఎలా అనాలో కూడా చెప్తాను, ఎందుకంటే మన వైపు ఇచ్చేవాణ్ణి కాదనడం అమర్యాద. కోడ్ మీ పేరనే, మీ రిపాజిటరీలోనే, అపాచీ లైసెన్సుతో బయటపెట్టండి, మా యాప్ దానితో మాట్లాడేలా మేం ఒక చిన్న అడాప్టరు రాసుకుంటాం అనండి. వాళ్ళకు ఓపెన్ సోర్స్ చేశామన్న పేరు దక్కుతుంది, మీ నెత్తిన ముప్పై వేల లైన్లు పడవు. నిజానికి మీ పరిస్థితిలో, నలుగురూ పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు కనుక, నేనైతే మొదటే ఈ దారి అడుగుతాను. రీడింగులు ఏ రూపంలో బయటికి రావాలో కంపెనీతో కూర్చుని ఒక ఒడంబడిక రాసుకుంటే, రేపు ఇంకో కంపెనీ పెట్టెనూ అదే అడాప్టరుతో కలపవచ్చు. రైతుకూ ఒకే కంపెనీ మీద ఆధారపడే బాధ తప్పుతుంది.

ఈ వారం చేయవలసింది ఒక్క మెయిలు. కమిట్ చరిత్రలోని పేర్ల జాబితా, అందులో ఎవరు ఉద్యోగులు, స్కానర్ నివేదిక, ఏడాదిపాటు ఉండే ఇద్దరి పేర్లు, మూడు పెట్టెలు అడగండి. మర్యాదగా, రెండు పేరాల్లో. నివేదిక వస్తే నాకూ పంపండి, ఒక శనివారం కూర్చుని చూస్తాను. పెట్టెలు వస్తే ఒకటి ఒంగోలు బస్సులో వేయించండి, మా బంధువుల చెరువు కొత్తపట్నం దగ్గర ఉంది, తీగ పీకి చూద్దాం.